మూడో తాళంచెవి

జూన్ 3, సోమవారం

మూలింటి పిన్ని ఇవాళ మళ్ళీ మా తాళాల కొట్టుకి వచ్చింది. తాళం బాగుచేయించుకోవడానికి కాదు, నా చేత చీవాట్లు తినడానికి. వాళ్ళ వెనక వాటాలో అద్దెకుంటున్న కుట్టుమిషనావిడని ఎలాగైనా లేవగొట్టాలట.

"లాయరమ్మా, ఒక్క ముక్క చెప్పు. నీళ్ళు కట్టేస్తే తప్పా?"

"తప్పే పిన్నీ."

"పూర్తిగా కాదే. కొళాయి కాస్త తిప్పి పెడతా, సన్నగా వచ్చేలా."

"అయితే సన్న తప్పు."

"పోనీ కరెంటు?"

నేను వీధిలో పంచే కరపత్రాల కట్ట తీసి బల్ల మీద పడేశాను. "ఇంటి యజమానులకు నలభై ప్రశ్నలు." పదహారోది గట్టిగా చదివి వినిపించాను. నీళ్ళు, వెలుతురు, దారి, ఈ మూడూ ఏ కారణం మీదా ఆపకూడదు. ఖాళీ చేయించాలంటే కారణం ఉండాలి, అది కాగితం మీద ఉండాలి, దానికి గడువు ఉండాలి. చిరాకు కారణం కిందికి రాదు.

"చిరాకు కాదే నాకు, కడుపుమంట. మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు దాని గుమ్మంలో ఆగి నవ్వులూ కబుర్లూ అయ్యాకే నా దగ్గరికొస్తున్నారు."

"కడుపుమంట కూడా కారణం కిందికి రాదు పిన్నీ."

నాన్న పనిబల్ల దగ్గర తలెత్తకుండానే, "దాన్ని అడక్కమ్మా, నీ ఇల్లే రాసిచ్చెయ్యమంటుంది," అన్నాడు. పిన్ని పగలబడి నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా చదువంతా ఈయనకి నవ్వులాట.

నవ్వనీ. మా మేడగది అగ్రిమెంటు రాసింది నేను. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనిచేసే అతనికి ఇద్దామన్నదీ నేనే. కష్టజీవికే ఇవ్వాలని పట్టుబట్టాను. అగ్రిమెంటు ప్రకారం యజమాని చెప్పకుండా గదిలోకి రాకూడదు. మరమ్మతు మూడు రోజుల్లో చేయించాలి. అద్దెదారు ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, ముందు చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. ఆఖరిది చదివి అతనే, "ఇది మీకు నష్టం కదండీ," అన్నాడు. న్యాయంలో నష్టం ఉండదని చెప్పాను. అప్పట్నుంచీ నన్ను మేనేజరు గారూ అంటాడు.

అతను చేరిన రోజు నాన్న మేడగది తాళం మార్చాడు. కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా మారుస్తాడు, ముప్ఫై ఏళ్ళ అలవాటు. రెండు చెవులూ అతని అరచేతిలో పెట్టి, "ఇవి రెండే. మా దగ్గర మూడోది లేదు," అన్నాడు. ప్రతివాళ్ళతోనూ ఇదే మాట. నాన్నలో నాకు నచ్చే యజమాని ఆ ఒక్క నిమిషమే కనిపిస్తాడు.

జూన్ 5, బుధవారం

మేడగది అతను నాన్నకి ఒక భూతద్దం చేసి తెచ్చాడు. దుకాణంలో మిగిలిన గాజుముక్క అరగదీసి, ఇత్తడి చుట్టు వేసి, బల్లకి బిగించుకునేలా చిన్న కాడ పెట్టాడు. నాన్న దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "చూడవే, పిన్ను తలకాయ శెనగబద్దంత కనిపిస్తోంది," అని అమ్మని పిలిచాడు. అమ్మ చూసింది. వీధిలో పోయే పాలతన్ని కూడా పిలిచి చూపించాడు.

నన్ను పిలవలేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి పిలవక్కర్లేదనుకుని ఉంటాడు.

మంచిదే. శ్రామికుడికీ శ్రామికుడికీ మధ్య స్నేహం. నాకు సంతోషమే.

జూన్ 6, గురువారం

అన్నం తింటున్నప్పుడు కూడా ఆ అద్దం మాటే.

జూన్ 9, ఆదివారం

ఇది వ్యక్తిగతం కాదు. ముందే రాసుకుంటున్నాను.

ఇవాళ అతనికి సెలవు. పొద్దున్నే దిగి వచ్చి, "మాస్టారూ, లోపల ఏం జరుగుతుందో చూపిస్తారా?" అని అడిగాడు. అంతే. ఒక్క మాట. నాన్న స్టూలు లాగి పక్కన వేశాడు. ఏడేళ్ళుగా ఆ కొట్టులో రసీదులు రాస్తున్నాను, ఆ బల్ల పక్కన రెండో స్టూలు పట్టేంత చోటుందని నాకు ఇవాళే తెలిసింది.

"చూడు బాబూ. లోపల ఐదు పిన్నులుంటాయి. కింద నుంచి ఒక్కోదాన్నీ పైకి తొయ్యాలి. రెండో చేత్తో పక్కకి కాస్త ఒత్తిడి. ఎక్కువైతే బిగుసుకుపోద్ది, తక్కువైతే జారిపోద్ది. సరైన ఎత్తుకి రాగానే అదే చెప్తుంది."

"ఏమని చెప్తుంది మాస్టారూ?"

"చిటికంత. చెవికి కాదు, వేలికి."

మధ్యాహ్నం దాకా అదే పని. అతని చేతిలో పిన్నులు పదిసార్లు జారిపోతే, నాన్న పదిసార్లూ నవ్వాడు. ఈయన ఇంత నవ్వు ఎక్కడ దాచుకున్నాడో.

పదిహేనేళ్ళప్పుడు నేనూ ఆ బల్ల దగ్గరికి వెళ్ళాను. ఒక తాళం తీసుకుని కుదరక నేలకేసి కొట్టాను. ఒక్కసారి. నాన్న ఆ ముక్కలు ఏరుకుంటూ, "తాళం కోపానికి తెరుచుకోదు. నీకు ఓపిక లేదు తల్లీ," అన్నాడు. ఆ తర్వాత నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఈ కొట్టులో పుట్టిపెరిగినదాన్ని, నేర్చుకోవడం నా హక్కు. హక్కు అడుక్కోవలసినది కాదు. ఇవ్వవలసినవాళ్ళకి తెలిసి ఉండాలి.

నాన్న కునుకు తీస్తున్నప్పుడు పాత తాళాల డబ్బాలోంచి మరో రెండు తెరిచాను. గొడుగు ఊచతో. ఇప్పటికి మొత్తం నలభై ఒకటి, అన్నీ ఆయన చూడనప్పుడే.

జూన్ 11, మంగళవారం

పెద్ద వాన. పొద్దున అతను కొట్టుకొచ్చి, "మేనేజరు గారూ, కిటికీ పైన గోడలోంచి నీళ్ళు దిగుతున్నాయండీ. మంచం జరుపుకున్నాను, కంగారేం లేదు. మీ వీలు చూసి," అన్నాడు.

"మూడు రోజులు. అగ్రిమెంటులో ఉంది," అన్నాను.

మేస్త్రీకి కబురు పెట్టాలి.

జూన్ 14, శుక్రవారం

మేస్త్రీకి కబురు పెట్టలేదు. వానల్లో మేస్త్రీలు దొరకరు. అందరికీ తెలిసిందే.

జూన్ 15, శనివారం

నాన్న చేతి వణుకు తగ్గేది కాదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. మందులు మార్చి, వారం తర్వాత రమ్మన్నాడు. నాన్న ఇంటికొచ్చి చాలాసేపు బల్ల మీద పనిముట్లు సర్దాడు. సర్దినవే సర్దాడు.

"ఈ నెలాఖరు దాకా కూర్చుంటా. ఆ తర్వాత బల్ల ముందు నేను కూర్చోను," అన్నాడు అమ్మతో.

"కొట్టు మూసేద్దామా మరి?"

"మూయడం ఎందుకు? ఆ అబ్బాయికి చెయ్యి నిలకడ ఉంది. ఆదివారాలు కూర్చుంటాడేమో అడిగి చూద్దాం. మెల్లిగా పట్టుబడితే బల్ల ఇచ్చేద్దాం."

నేను అక్కడే ఉన్నాను. రసీదు పుస్తకంలో తేదీలు వేస్తున్నాను. నాన్న వీపు నా వైపు ఉంది.

అమ్మ మాత్రం ఒకసారి నా మొహం చూసింది. చూసి, "దీన్ని..." అనబోయింది.

"దానికి పుస్తకాలున్నాయి," అన్నాడు నాన్న. ప్రేమగానే అన్నాడు. అదే పాడుచేసింది. కోపంగా అని ఉంటే జవాబు చెప్పేదాన్ని.

వారసత్వం అన్నదే అన్యాయం అని నేను నమ్ముతాను. తండ్రి బల్ల కూతురిదే కావాలన్న రూలు ఎక్కడా లేదు. బల్ల పనిచేసేవాడిది. నేను నమ్ముతాను.

కానీ పనిచేసేవాడు వేరు, వచ్చి రెండు నెలలైనవాడు వేరు.

జూన్ 18, మంగళవారం

అమ్మ బట్టలు ఆరేయడానికి మేడ మీదికెళ్ళి, దిగి వచ్చి నా ముందు నిలబడింది.

"అతని గదిలో బకెట్టు పెట్టుకున్నాడు. తలుపు తీసి ఉంటే కనిపించింది. చుక్కాచుక్కా పడుతోంది. నువ్వు మేస్త్రీని పిలిచానన్నావు?"

"పిలుస్తానన్నాను."

"ఏడు రోజులైంది."

"వానలమ్మా."

"వాన మన మేడ మీదేనా పడేది? వీధి చివర మేస్త్రీలు గోడ కడుతున్నారు, కళ్ళు కనిపించడం లేదా?"

ఈ మాట నాన్న విన్నాడు. నిచ్చెన తీసుకుని, సిమెంటు కలుపుకుని, ఆ వణికే చేతులతో తనే ఎక్కాడు. అతను పని నుంచి వచ్చే వేళకి నాన్న పైమెట్టు మీద ఉన్నాడు. అతను చెప్పులు కూడా విప్పకుండా పరిగెత్తి నిచ్చెన పట్టుకున్నాడు. "మాస్టారూ, దిగండి, నేను చేస్తా. మీరు చెప్పండి, నేను చేస్తా." ఇద్దరూ ముప్పావుగంట ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ నవ్వుకుంటూ ఆ పగులు పూడ్చారు. చివర్లో ఇద్దరికీ గడ్డాల నిండా సిమెంటు.

నేను చేసిన ఆలస్యం వాళ్ళిద్దరికీ ఒక సాయంత్రం ఇచ్చింది.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అతను మెట్లు ఎక్కుతూ, "థాంక్సండీ మేనేజరు గారూ," అన్నాడు. వెటకారమో కాదో తెలియలేదు. వెటకారమే అయి ఉండాలి.

జూన్ 19, బుధవారం

అగ్రిమెంటు మూడుసార్లు చదివాను. నేనే రాశాను, నాకే దారి దొరకడం లేదు. ఇంత గట్టిగా ఎవరు రాయమన్నారు నన్ను?

ఆరో షరతు ఉంది. గది నివాసానికే, వ్యాపారానికి వాడకూడదు. సాయంత్రాలు పైనుంచి గీరుకుంటున్నట్టు ఒక శబ్దం వస్తోంది. గుర్రుమని, ఆగి, మళ్ళీ గుర్రుమని. అరగదీసే యంత్రం కాకపోతే ఇంకేమిటది? దుకాణం పని ఇంటికి తెచ్చుకుంటున్నాడన్నమాట. ఇది స్పష్టమైన ఉల్లంఘన. నలభై ప్రశ్నల్లో ఇరవై రెండోది కూడా ఇదే చెబుతోంది. రుజువు చేయాల్సిన బాధ్యత మాత్రం యజమానిది.

నోటీసు చిత్తుప్రతి రాశాను. బాగా వచ్చింది. ఉద్రేకం లేకుండా, మర్యాదగా.

ఇది వ్యక్తిగతం కాదు.

జూన్ 20, గురువారం

మూలింటి పిన్ని వచ్చి అడిగింది. "వాళ్ళు లేనప్పుడు ఒక్కసారి తలుపు తీసి లోపల ఎలా ఉంచుకున్నారో చూస్తే ఏం? ఇల్లు నాదే కదే?"

"గోడలు నీవి పిన్నీ, గది ఆవిడది. తొంగిచూడ్డం కూడా తప్పే."

"నువ్వు ఉత్త రాయివే తల్లీ."

ఈ మాట రాసుకోవాలనిపించి రాశాను.

జూన్ 22, శనివారం

అమ్మా నాన్నా ఆసుపత్రికి వెళ్ళారు. అతను దుకాణానికి. కొట్టుకి "గంటలో వస్తాం" బోర్డు పెట్టాను.

రుజువు కావాలి. రుజువు లేకుండా నోటీసు ఇస్తే అదే అన్యాయం. కాబట్టి చూడడమే న్యాయం. ఇలా అనుకుంటూ మెట్లెక్కాను. ఇప్పుడు రాస్తుంటే ఎలాగో ఉంది, మెట్ల మీద బాగానే ఉంది.

నాన్న బిగించిన తాళం. డబ్బాలోని పాత తాళాల్లాంటిది కాదు. గొడుగు ఊచ పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాను. మొదటి పిన్ను తేలిగ్గా లేచింది. రెండోది మొండికేసింది. మూడోదాని దగ్గరికి వెళితే మొదటిది జారిపోయింది. ఒకసారి కోపం వచ్చింది, చెయ్యి తీసేసి గోడకి ఆనుకుని కూర్చున్నాను. మళ్ళీ మొదలుపెట్టాను. ఒత్తిడి తగ్గించాను. ఇంకా తగ్గించాను. ఐదోది చెప్పింది. చిటికంత. చెవికి కాదు, వేలికి.

ఆ క్షణం ఎంత సంతోషంగా ఉందో ఈ పుస్తకంలో కూడా సరిగ్గా రాయలేను. వెనక్కి తిరిగి చూశాను, ఎవరికైనా చెబుదామని.

గదిలో యంత్రం లేదు. ఒక మంచం, మడత కుర్చీ, తీగ మీద మూడు చొక్కాలు, పాత టేబుల్ ఫాను. మీట నొక్కాను. రెక్క చట్రానికి గీరుకుని గుర్రుమంది. ఆపేశాను.

అక్కడితో దిగిపోవాలి. రుజువు లేదని తేలిపోయింది, పని అయిపోయింది. కానీ కిటికీ పక్కన బల్ల మీద నోటుబుక్కు ఉంది. అట్ట మీద "మాస్టారు చెప్పినవి" అని రాసుంది.

నలభై పేజీలు. తేదీలు వేసి. నాన్న మాటలు నాన్న అన్నట్టే. "తుప్పు పట్టిన తాళాన్ని ముందు పలకరించాలి, తర్వాత పని చెప్పాలి." "చెవి విరిగినవాళ్ళని తిట్టొద్దు, వాళ్ళని ఇంట్లో ఈపాటికే తిట్టి ఉంటారు." నాన్న మొదటి కొట్టు వానకి కొట్టుకుపోయిన సంగతి. నాన్న తన తండ్రిగారి ఊళ్ళో చిల్లరకొట్టు పెట్టి నష్టపోయిన సంగతి. ఇవేవీ నాకు తెలియవు. ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం.

నా గురించి ఉంటుందేమోనని మొదటి నుంచి చివరి దాకా వెతికాను. మంచో చెడో. కొట్టులో ఒక కూతురు ఉందనైనా.

ఒక్క ముక్క లేదు.

స్ప్రింగు తెగిన పిన్ను గురించి రాసిన పేజీ మాత్రం రెండుసార్లు చదివి కంఠస్థం చేశాను. దొంగతనం కాదు. మా నాన్న మాటలు, అవి నాకు చెందుతాయి.

బయటికొచ్చి తలుపు లాగాను. లాగితే దానంతటదే పడే తాళం. ఎవరికీ తెలియదు. నోటీసు చిత్తుప్రతి చింపేశాను. ఆరో షరతు ఉల్లంఘన లేదు కాబట్టి. నేను న్యాయంగానే ఉన్నాను.

జూన్ 23, ఆదివారం

బల్ల దగ్గర రెండు స్టూళ్ళు. పొద్దుట్నుంచీ. "ఆదివారాలు కూర్చుంటావా బాబూ?" అని నాన్న అడిగేశాడు. అతను నాన్న కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాడు.

నాకు తలనొప్పి. పడుకున్నాను.

జూన్ 24, సోమవారం

సాయంత్రం అతను దిగొచ్చాడు. "మాస్టారూ, తలుపు తాళంలో చెవి కాస్త పట్టేస్తోంది. రెండ్రోజులుగా. వాన తడేమో."

"విప్పి పట్రా," అన్నాడు నాన్న.

తెచ్చాడు. నాన్న వెనక నుంచి తూము, అంటే పిన్నులుండే గొట్టం, విప్పించి, పిన్నులు ఒక్కొక్కటీ తెల్లటి గుడ్డ మీద పెట్టించాడు. భూతద్దం దగ్గరికి లాక్కున్నాడు. అతను చేసిచ్చిన భూతద్దం. చాలాసేపు చూశాడు. నేను రసీదు పుస్తకంలో ఇవాళ్టి తేదీ మూడోసారి వేస్తున్నాను.

"నువ్వెళ్ళి మొహం కడుక్కో బాబూ, నేను చూస్తా," అన్నాడు. అతను వెళ్ళాడు.

నాన్న నా వైపు తిరగలేదు. పిన్నులతో మాట్లాడుతున్నట్టే మాట్లాడాడు.

"ఇది చెవి చేసిన గీత కాదు. కొసల మీద, సన్నగా. ఎవరో తెరిచారు."

రసీదు పుస్తకం మూసేశాను.

"దొంగ కాదు. దొంగకి తొందర, పిన్నులు నలిగిపోతాయి. ఇక్కడ చూడు, రెండోదాని మీద నాలుగు గీతలున్నాయి. వదిలేసి మళ్ళీ వచ్చారు. మూడోదాని మీద ఒక్కటే. నిదానంగా, బతిమాలినట్టు చేశారు. ఇదిగో, నల్లరంగు రజను. గొడుగు ఊచ." గుడ్డ మీద వేలితో ఆ రజను జరిపాడు. "చెయ్యి బాగుంది. నేర్పినవాడు లేడు, అందుకే ఒత్తిడి ఎక్కువ పెట్టారు. ఈ తాళానికి గంట పట్టి ఉంటుంది."

"ఇరవై నిమిషాలు," అన్నాను.

నోట్లోంచి వచ్చేశాకే విన్నాను ఆ మాట.

నాన్న ఇప్పుడు తిరిగాడు. ఆ మొహం నేను రాయలేను. ఏడేళ్ళుగా ఎదురుచూసిన చూపు అందులో ఒక రవ్వ ఉంది, అది నిజం. అది వెంటనే ఆరిపోయింది. అదీ నిజమే.

"ముప్ఫై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పాను," అన్నాడు. "నన్ను అబద్ధాలకోరుని చేశావు."

నేను ఏదో మొదలుపెట్టాను. ఆరో షరతు, శబ్దం, రుజువు చేయాల్సిన బాధ్యత. నాన్న చెయ్యి ఎత్తాడు.

"నాకు కాదు. వెళ్ళి అతనికి చెప్పు."

"రేపు..."

"అతను మొహం కడుక్కుని వచ్చేలోగా."

చెప్పాను. మెట్ల మీద. తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి విన్నాడు. ఏవేవో అంటాడనుకున్నాను.

"ఏం చూశారు?"

"నోటుబుక్కు."

"ఎంత?"

"మొత్తం."

మెట్టు మీద కూర్చుండిపోయాడు. తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని అన్నాడు. "నేను పని నుంచి రాగానే తలుపేసుకుని ముందు చొక్కా విప్పి ఒక మూలకి విసిరేస్తానండీ. దుకాణంలో పొద్దస్తమానం వంగి వంగి ఉంటాను కదా. ఆ తలుపు వెనకే కాస్త నిటారుగా ఉండేది. ఇప్పుడు ముందు నాలుగు మూలలూ చూసుకోవాలి."

"క్షమించండి" అన్నాను. అగ్రిమెంటులో లేని మాట అది ఒక్కటే. ఎలా అనాలో నాకు అలవాటు లేదు, గట్టిగా అన్నాను, తిట్టినట్టు వచ్చింది.

"బల్ల కోసమా?" అన్నాడు.

నేను మెట్లు దిగబోయాను.

"అడిగి ఉంటే నేనే లేచేవాణ్ణి కదండీ," అన్నాడు. మేనేజరు గారూ అనలేదు.

జూన్ 26, బుధవారం

అతను అగ్రిమెంటు మడతపెట్టి కొట్టు బల్ల మీద పెట్టాడు. "ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, ముందు చెప్పకుండా అని రాశారు మీరు. మంచి మాట రాశారు."

నాన్న లోపలి నుంచి రాలేదు. అతనే లోపలికి వెళ్ళాడు. బయటికొచ్చాక సంచీ, మడత కుర్చీ, ఫాను ఆటోలో పెట్టుకున్నాడు. నోటుబుక్కు చేతిలోనే పట్టుకున్నాడు. తిరిగి ఇవ్వాల్సిన అడ్వాన్సంతా అదే గంటలో ఇచ్చేశాను, ఒక్క పైసా తగ్గకుండా. నలభై ప్రశ్నల్లో ముప్ఫయ్యోది నేను తప్పలేదు. గొప్ప సంగతే.

నేను కోరుకున్నది ఇదే. రాసి పెట్టుకోవాలి. నేను కోరుకున్నది అక్షరం పొల్లుపోకుండా జరిగింది.

జూన్ 30, ఆదివారం

నెలాఖరు. నాన్న బల్ల మీద గుడ్డ కప్పాడు. రెండో స్టూలు ఎక్కడో లోపల పెట్టేశాడు.

సాయంత్రమంతా భూతద్దం కింద తన గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు.

జులై 4, గురువారం

మూలింటి పిన్ని: "మీ మేడగది అబ్బాయి వెళ్ళిపోయాడటగా? ఏమైందే, అంత మంచివాడు?"

"నేను తాళం తీసి లోపలికెళ్ళాను పిన్నీ."

పిన్ని నవ్వింది, జోకనుకుని. తర్వాత నవ్వు ఆపింది. "మరి నాకు చెప్పావే..."

"చెప్పాను."

కరపత్రాల కట్ట అడుగు అరలోకి తోసేశాను. అవి తప్పని కాదు.

జులై 9, మంగళవారం

ఇవాళ అడిగాను. "నేర్పు నాన్నా," అన్నాను. రెండు మాటలు. ఏడేళ్ళు పట్టింది.

నాన్న జవాబు చెప్పలేదు.

జులై 10, బుధవారం

జవాబు చెప్పలేదు.

జులై 13, శనివారం

పొద్దున లేచేసరికి బల్ల మీద గుడ్డ తీసి ఉంది. మేడగది తాళం విప్పేసి, పిన్నులు తెల్లగుడ్డ మీద వరసగా. నాన్న వెనక కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. పక్కన కాదు, వెనక.

"గీతలు పడ్డవి మార్చు," అన్నాడు పేపర్లోంచే.

రెండు గంటలు. నాలుగుసార్లు స్ప్రింగు ఎగిరి నేల మీద పడింది. నాలుగుసార్లూ మోకాళ్ళ మీద వెతుక్కున్నాను. నాన్న నవ్వలేదు. అతను పదిసార్లు జారిస్తే పదిసార్లూ నవ్వాడు. లెక్కపెట్టడం మానుకోవాలి నేను.

జులై 21, ఆదివారం

మేడగదికి మనిషి వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. నలభై ఏళ్ళుంటాయి, గట్టి గొంతు. గది చూసింది, కిటికీ పైన కొత్త సిమెంటు గోకి చూసింది, కొళాయి తిప్పి చూసింది. అగ్రిమెంటు నిలబడే చదివేసింది. "ఎవరు రాశారిది? మీకేం మిగల్లేదే ఇందులో!"

తాళం నేనే బిగించాను. నాన్న చూస్తూ నిలబడ్డాడు. స్క్రూ వంకరపోతే, "ఊఁ," అన్నాడు, అంతే. రెండు చెవులూ నాన్న చేతికిచ్చాను. ఆయన ఆవిడ అరచేతిలో పెట్టబోయాడు. అలవాటుగా మొదలుపెట్టాడు.

"ఇవి రెండే. మా దగ్గర..."

అక్కడ ఆగిపోయాడు. చెవులు ఇంకా ఆయన చేతిలోనే ఉన్నాయి.

"మీ దగ్గర ఇంకోటి ఉందా ఏంటి?" అంది నర్సు, ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ.

నాన్న నన్ను చూశాడు. అబద్ధం చెప్పమని కాదు, నిజం చెప్పమనీ కాదు. ఊరికే చూశాడు.

"చెవి లేదండీ," అన్నాను. "కానీ నేను చెవి లేకుండా తీయగలను. ముందున్నతని గది ఒకసారి తీశాను, ఆయన లేనప్పుడు, అడక్కుండా. అందుకే వెళ్ళిపోయాడు. మళ్ళీ తీయను. ఆ మాట నమ్మాలో లేదో మీ ఇష్టం."

అమ్మ లోపలి నుంచి, "దీని నోరు పడిపోనూ," అంది.

నర్సు నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఇంజెక్షను ఎక్కడ గుచ్చాలా అని చూసినట్టుంది.

"అయితే నా తాళం నేనే తెచ్చుకుంటా. తలుపుకి వేసుకోవచ్చా? అభ్యంతరమా?"

"వేసుకోవచ్చండీ. అది మీ హక్కు." పదకొండో ప్రశ్న. చూడకుండానే వచ్చింది.

నాన్న నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు, గొంతులో చిన్న గురగుర. నెల తర్వాత విన్నాను దాన్ని. ఆ చెవులు రెండూ ఆవిడ చేతిలో పెట్టేసి అన్నాడు.

"మంచి తాళం చూసి తెచ్చుకోమ్మా. చవకది పనికిరాదు. మా అమ్మాయికి ఓపిక ఎక్కువ."